ఏడాదిగా తగ్గని దద్దుర్లు – మార్కస్ మౌరర్ అనే డాక్టర్ పరిశోధన గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

సత్తెనపల్లి_స్వాతి

అందరికీ నమస్కారం. మా చెల్లి గురించి అడుగుతున్నాను. వయసు 27, హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడాది దాటింది, ఒళ్ళంతా దద్దుర్లు. సాయంత్రం అయ్యేసరికి మొదలవుతాయి, చేతుల మీద, తొడల మీద, నడుము దగ్గర బట్ట బిగుతుగా ఉండే చోట ఎర్రగా ఉబ్బుతాయి, ఒకటే దురద. తెల్లారేసరికి ఒక్కటి కూడా కనబడదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి చూపించడానికి ఏమీ ఉండదు కాబట్టి ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకుంటోంది. అప్పుడప్పుడు పై పెదవి కానీ ఒక కన్ను కానీ బాగా ఉబ్బిపోతుంది, అప్పుడు ఆఫీసుకి కూడా వెళ్ళదు.

మొదట ఊళ్ళోనే చూపించాం. ఇంజెక్షన్ వేస్తే ఒకటి రెండు రోజులు హాయిగా ఉండేది, మళ్ళీ మామూలే. తర్వాత ఒకచోట అలర్జీ ప్యానెల్ అని బోలెడు డబ్బు తీసుకుని పెద్ద లిస్టు చేతిలో పెట్టారు. వంకాయ, వేరుశనగ, రొయ్యలు, గోధుమ, పాలు, ఇంట్లో దుమ్ము, ఇలా అందులో లేనిది లేదు. అమ్మ అప్పటికే గోంగూర, గుడ్డు, ఎండుచేపలు మాన్పించేసింది. ఇప్పుడు పిల్ల తినేది అన్నం, పెసరపప్పు, బీరకాయ కూర, అంతే. మనిషి సగమైంది కానీ దద్దుర్లు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు చూస్తున్న చర్మం డాక్టర్ గారు మాత్రం ఇది తిండి వల్ల వచ్చింది కాదమ్మా, క్రానిక్ స్పాంటేనియస్ అర్టికేరియా అంటారు, అంటే దానంతట అదే వచ్చి ఎక్కువకాలం ఉండే దద్దుర్లు, అన్నీ తినమనండి అన్నారు. మార్కస్ మౌరర్ అని జర్మనీలో ఒక ప్రొఫెసర్ దీని మీదే చాలా ఏళ్ళు పనిచేశారని, ఈ రోజు రాసే మందుల్లో చాలావరకు ఆయన బృందం పరీక్షించి చూపించినవేనని కూడా చెప్పారు. బయట జనం చాలామంది ఉన్నారు, ఇంకేమీ అడగలేకపోయాం. ఇంతకీ ఆయన తేల్చిందేమిటి? తిండి కాకపోతే మరి దేనివల్ల వస్తోంది? అసలు తగ్గుతుందా ఇది? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

చర్మవైద్యం_పీజీ

స్వాతి గారూ, మీ డాక్టర్ గారు సరైన దారిలోనే ఉన్నారు, ముందు ఆ ధైర్యం పెట్టుకోండి.

మన చర్మంలో రక్తనాళాల పక్కనే, నరాల చివర్ల పక్కనే మాస్ట్ కణాలని ఉంటాయి. 1878లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ వైద్యుడు తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలోనే వీటిని వర్ణించాడు. ఒక్కో కణం నిండా హిస్టమిన్ లాంటి రసాయనాల గుళికలు ఉంటాయి. ఏదో ఒక ప్రేరణ తగలగానే ఆ గుళికలు బయటికి వచ్చేస్తాయి, చుట్టుపక్కల సన్నటి రక్తనాళాలు వెడల్పై వాటిలోంచి నీరు చర్మంలోకి ఊరుతుంది, అదే దద్దురు. నరం చివర తగిలేది దురద. ఇదే పని చర్మం లోపలి పొరల్లో జరిగితే పెదవి, కన్ను ఉబ్బుతాయి. ఊరిన నీరు ఇంకిపోగానే మచ్చ లేకుండా మాయమవుతుంది, అందుకే పొద్దునకి కనబడదు. ఏ ఒక్క దద్దురూ 24 గంటలకి మించి ఒకేచోట ఉండకపోవడం ఈ జబ్బు గుర్తు. ఒకవేళ అదే చోట రోజు దాటి ఉండి, దురద కన్నా నొప్పి, మంట ఎక్కువగా ఉండి, పోయాక కమిలిన మచ్చ మిగిలితే అది రక్తనాళాల వాపు కావచ్చు, అప్పుడు చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి. మీరు చెప్పినదాంట్లో అది లేదు.

ఇక తిండి. తిండి అలర్జీ అయితే తిన్న నిమిషాల్లో, మహా అయితే గంట రెండు గంటల్లో వస్తుంది, ఆ పదార్థం తిన్న ప్రతిసారీ వస్తుంది, మానేస్తే ఆగిపోతుంది. ఏం తిన్నా తినకపోయినా ఏడాదిపాటు సాయంత్రమయ్యేసరికి వచ్చేది తిండి అలర్జీ కాదు. ఆ ప్యానెల్‌లో పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన జబ్బుకి అదే కారణం అని కాదు, ఆ పదార్థానికి వ్యతిరేకంగా రక్తంలో కాస్త ఐజీఈ, అంటే అలర్జీల్లో పనిచేసే యాంటీబాడీ, ఉందని మాత్రమే అర్థం. హాయిగా రొయ్యల ఇగురు తింటున్న వాళ్ళకి చేసినా కొందరికి పాజిటివ్ వస్తుంది. ఆరు వారాలు దాటిన దద్దుర్లకి ఇలాంటి పెద్ద ప్యానెళ్ళు చేయించాలని ఏ అంతర్జాతీయ మార్గదర్శకమూ చెప్పడం లేదు. మామూలు రక్తపరీక్ష, ఒంట్లో వాపు ఉందేమో చూపే ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ, స్పెషలిస్టు దగ్గరైతే మొత్తం ఐజీఈ, థైరాయిడ్‌కి సంబంధించిన యాంటీ టీపీఓ చూస్తే చాలావరకు సరిపోతుంది.

మరి కారణం ఎక్కడుంది అంటే శరీరంలోనే ఉంది. ఇది మౌరర్ ఒక్కరూ కనుక్కున్నది కాదు, ఆయన కన్నా ముందు నుంచీ నడుస్తున్న కథ. 1986లో ఇంగ్లండ్‌లో క్లైవ్ గ్రాటన్, ఆయన సహచరులు రోగి రక్తంలోంచి సీరం తీసి తిరిగి అదే రోగి చర్మంలోకి ఎక్కిస్తే కొందరిలో అక్కడే దద్దురు లేస్తుందని చూపించారు. అంటే కావలసిన సరుకు బయటి నుంచి రావడం లేదు, వాళ్ళ రక్తంలోనే ఉంది. 1993లో మిచిహిరో హిడే, మాల్కం గ్రీవ్స్ బృందం ఆ సరుకేమిటో పట్టుకుంది. మాస్ట్ కణం మీద ఐజీఈ వచ్చి కూర్చునే గ్రాహకం ఒకటుంది, కొందరు రోగుల రక్తంలో ఆ గ్రాహకం మీదే దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయి. తర్వాత బెర్లిన్ బృందం ఇంకో దారి చూపించింది. ఇంకొందరిలో ఐజీఈయే సొంత శరీరంలోని ప్రొటీన్లను శత్రువులుగా పట్టుకుంటోందని, వాటిలో ఇంటర్‌ల్యూకిన్ 24 ముఖ్యమైనదని 2018లో ప్రచురించారు. దాంట్లో మౌరర్ ఉన్నారు.

ఆయన బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో చర్మ, అలర్జీ విభాగంలో ప్రొఫెసర్‌గా ఉండేవారు. మాస్ట్ కణమే ఆయన అసలు సబ్జెక్టు. అమెరికాలో స్టీఫెన్ గాలి అనే శాస్త్రవేత్తతో కలిసి 2004లో నేచర్ పత్రికలో వేసిన వ్యాసంలో, ఈ కణాలు ఎండోథెలిన్ అనే, ఒంట్లోనే పుట్టి మోతాదు మించితే విషమయ్యే పదార్థాన్ని విరగ్గొట్టి ఎలుకల ప్రాణం కాపాడతాయని చూపించారు. గాలి బృందమే తర్వాత పాము విషం, తేనెటీగ విషం విషయంలో కూడా ఇవి కాపాడతాయని తేల్చింది. అంటే మీ చెల్లెలి ఒంట్లో చెడ్డ కణాలేవో పుట్టాయని అనుకోకండి. అందరికీ ఉండే కాపలా కణాలే, అవసరం లేనప్పుడు రేగుతున్నాయి.

రోగుల వైపు నుంచి చూస్తే ఆయన పేరు పెద్దగా వినిపించింది 2013లో. ఉబ్బసానికి వాడే ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌ని, యాంటీహిస్టమిన్లు, అంటే హిస్టమిన్‌ని అడ్డుకునే అలర్జీ మాత్రలు, వాడినా తగ్గని 323 మంది మీద పరీక్షించిన ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, మొదటి రచయిత ఆయనే. 300 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవాళ్ళలో 12 వారాలకి 44 శాతం మందికి దద్దుర్లు, దురద రెండూ సున్నా. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో అది 5 శాతం. 2014లో అమెరికాలో దద్దుర్లకి అనుమతి వచ్చింది. అప్పటిదాకా మా దగ్గరున్న దారల్లా యాంటీహిస్టమిన్, అది పనిచేయకపోతే స్టెరాయిడ్, లేదా రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్. కాబట్టి అది ఎంత పెద్ద మార్పో చెప్పలేను.

మీరు ఊళ్ళో వేయించిన ఇంజెక్షన్ దాదాపు ఖాయంగా డెక్సా, అంటే స్టెరాయిడ్. అందుకే రెండు రోజులు హాయి. అది పదేపదే తీసుకుంటే షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు వస్తాయి, ఆపగానే దద్దుర్లు రెట్టింపుగా తిరిగొచ్చినట్టు ఉంటుంది. దయచేసి ఇక అది వద్దు.

కరీంనగర్_సుజాత

స్వాతి గారూ, మీ పోస్టు చదువుతుంటే నా పాత రోజులే కనిపించాయి. నాకు ఈ జబ్బు చాలా ఏళ్ళుంది, ఇప్పుడు మందు లేకుండానే బాగున్నా. అందుకే రాస్తున్నా, మీ చెల్లెలికి చదివి వినిపించండి.

డాక్టర్ గారు చెప్పనిది ఒకటి నేను చెప్తా. ఈ జబ్బులో దురద కన్నా ఎక్కువ బాధపెట్టేది ఎవరూ నమ్మకపోవడం. పొద్దున ఓపీకి పోతే చర్మం శుభ్రంగా ఉంటుంది. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని పంపించేస్తారు. ఇంటికొచ్చి రాత్రి రెండింటిదాకా గోక్కుంటూ కూర్చుంటే ఇంట్లోవాళ్ళు నీకు అంతా మనసులోనే ఉంది అంటారు. పెండ్లి సంబంధం వచ్చిన ప్రతిసారీ పిల్లకు ఏదో చర్మరోగం అంట అనే మాట ఎట్లా బయటికి పోయేదో పోయేది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు, రక్తం చెడిపోవడం కాదు, ఈ రెండు మాటలు మీ బంధువులందరికీ గట్టిగా చెప్పండి.

నాకు మౌరర్ గారి పనిలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇంజెక్షన్ కాదు, లెక్క రాసే పద్ధతి. యూఏఎస్7 అంటారు, అది వాళ్ళ బృందం పరీక్షించి నిలబెట్టిందే అని నాకు చూసిన డాక్టర్ చెప్పారు. ప్రతిరోజూ రెండే రెండు రాయాలి. 24 గంటల్లో దద్దుర్లు అసలు లేకపోతే సున్నా, 20 లోపైతే ఒకటి, 20 నుంచి 50 అయితే రెండు, అంతకు మించితే మూడు. దురదకు కూడా అట్లనే సున్నా నుంచి మూడు. రోజుకి ఎక్కువలో ఎక్కువ ఆరు, వరుసగా ఏడు రోజులు కూడితే 42. ఆరు లోపుంటే అదుపులో ఉన్నట్టు, సున్నా వస్తే జబ్బు పూర్తిగా అణిగినట్టు. నేను కిరాణా నోటు పుస్తకంలో రాసి పట్టుకుపోయిన. ఆ రోజు నా ఒంటి మీద ఒక్క దద్దురు లేదు, అయినా డాక్టర్ ఆ కాగితం చూసి మందు మార్చిండు. నా మాట మీద కాకుండా అంకె మీద మాట్లాడటం అదే మొదటిసారి. అట్లనే నాలుగు ప్రశ్నల పరీక్ష ఇంకొకటి ఉంది, యూసీటీ అంటారు, 16కి 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అదుపులో ఉన్నట్టే.

ఇంకొకటి, మాత్ర. నేను దురద వచ్చినప్పుడే వేసుకునేదాన్ని, అట్ల చేస్తే పనిచేయదు. ఆర్టీసీ బస్సులో సీటు మీద ముందే కర్చీఫ్ వేసినట్టు, హిస్టమిన్ వచ్చి కూర్చునే చోట మందు ముందే కూర్చోవాలని డాక్టర్ చెప్పినంక రోజూ ఒకే వేళకి వేసుకున్న. ఒక్క మాత్రతో తగ్గకపోతే అదే మాత్ర మెల్లగా నాలుగు దాకా పెంచొచ్చంట, నాకు డాక్టరే పెంచిండు. మీ అంతట మీరు పెంచకండి. నిద్రమత్తు వచ్చే పాత రకం కాకుండా కొత్త రకం రాయమని అడగండి, మీ చెల్లెలు ఆఫీసులో పనిచేయాలి కదా.

రాజమండ్రి_మూర్తి

అందరూ తిండి కాదు కాదు అంటున్నారు గానీ మా నాన్నగారికి చింతపండు, వంకాయ మానేశాకే తగ్గింది. ఆయుర్వేదం డాక్టర్ గారు పథ్యం చెప్పారు, నలభై రోజుల్లో దద్దుర్లు మాయం. పెద్దవాళ్ళు ఊరికే చెప్పరండీ, వంకాయ దురద అని. ఇంగ్లీషు మందు జీవితాంతం మింగుతూ ఉండాలి, ఆపితే మళ్ళీ వస్తుంది. అది కూడా ఆలోచించండి.

చర్మవైద్యం_పీజీ

మూర్తి గారూ, మీ నాన్నగారికి తగ్గినందుకు సంతోషం, ఆ మాట నేను కాదనను. కానీ దద్దుర్లు మొదటిసారి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి ఆరు వారాల లోపే వాటంతట అవే పోతాయి, జ్వరం వచ్చి తగ్గాక వచ్చేవి ముఖ్యంగా. ఆ రోజుల్లో ఏది మానేసినా దానికే పేరొస్తుంది. స్వాతి గారి చెల్లెలు ఇప్పుడు వంకాయ ముట్టడమే లేదు, అయినా వస్తున్నాయి, ఇంతకన్నా తేటగా ఎవరు పరీక్ష చేసి చూపించాలి?

అయితే మీ మాటలో ఒక నిజం ఉంది, దాన్ని బెర్లిన్ వాళ్ళే పరీక్షించారు. రంగులు, నిల్వ ఉంచే రసాయనాలు, కొన్ని మసాలాలు, కొన్ని పళ్ళు, ఇలాంటివి మానేసి మూడు వారాలు తిండి పెట్టి చూస్తే సుమారు మూడింట ఒక వంతు మందికి కొంత మేలు కనిపించిందని 2010లో షారిటే నుంచి ఒక వ్యాసం వచ్చింది, మౌరర్ అందులో ఉన్నారు. ఆధారం అంత బలమైనది కాదు, అయినా చూడాలనుకుంటే మూడు వారాలు చూడొచ్చు. మూడు వారాల్లో అంకె మారకపోతే ఆపేయాలి. ఇలా పప్పు, బీరకాయ మీదే ఉంచడం పథ్యం కాదండీ, పిల్లని ఆకలికి మాడ్చడం. పాలు, గుడ్డు, చేప, వేరుశనగ అన్నీ మానేస్తే ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? రక్తహీనత వస్తే నీరసం వేరే.

ఇక జీవితాంతం మందు అన్నారు. ఈ జబ్బు చాలామందిలో కొన్నేళ్ళకి దానంతట అదే వెళ్ళిపోతుంది, పైన సుజాత గారే ఉన్నారు. మందు పని ఆ కొన్నేళ్ళూ మనిషిని మామూలుగా బతకనివ్వడం. అంకె సున్నా మీద నిలబడ్డాక మోతాదు మెల్లగా తగ్గించి చూస్తాం.

తిండికన్నా నేను ముందు అడిగేది నొప్పి మాత్రల గురించి. తలనొప్పికో నెలసరి నొప్పికో వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఈ జబ్బున్న చాలామందిలో దద్దుర్లను రేపుతాయి. స్వాతి గారూ, చెల్లెల్ని అది అడిగారా? పారాసిటమాల్ చాలామందికి పడుతుంది.

బెర్లిన్_తెలుగబ్బాయి

బెర్లిన్‌లో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, మాది కర్నూలు. మౌరర్ గారి ల్యాబ్‌లో పనిచేయలేదు, ఆయన ప్రసంగం మాత్రం విన్నాను. ఆయన 2024లో అకస్మాత్తుగా చనిపోయారు. ఆ వార్త ఇక్కడ మా విభాగాల్లో అందరినీ కుదిపేసింది, ఎందుకంటే దద్దుర్ల మీద జరిగిన పెద్ద ట్రయల్స్ చాలావాటిలో ఆయన చెయ్యి ఉండేది.

పై ఇద్దరూ మందుల గురించి, అంకెల గురించి చెప్పారు. నా దృష్టిలో ఆయన కట్టినవాటిలో పెద్దది యూకేర్ అనే నెట్‌వర్క్. 2016లో మొదలైంది. దద్దుర్లను ప్రత్యేకంగా చూసే ఆసుపత్రులకి కొన్ని కఠినమైన నియమాలు పెట్టి, వాటిని పాటించేవాళ్ళకే గుర్తింపు ఇస్తారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి, మన దేశంలో కూడా ఉన్నాయి. మీ చెల్లెలు హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి మీ డాక్టర్ గారినే దగ్గర్లో అలాంటి కేంద్రం ఎక్కడుందో అడగండి. ఏటా అక్టోబర్ 1న ప్రపంచ అర్టికేరియా దినం కూడా జరుపుతారు. దద్దుర్లంటే చిన్న విషయం అని పక్కన పెట్టేసే వైద్యంలో, అది కాదు, ఇది మనిషి నిద్రనీ ఉద్యోగాన్నీ పాడుచేసే జబ్బు అని ఇరవై ఏళ్ళకి పైగా పట్టుబట్టి చెప్పడం చిన్న పని కాదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

ఇంకో విషయం, దీని గురించి మన దగ్గర ఎవరూ రాయరు. అన్నీ గెలుపులే కాదు. ఒమాలిజుమాబ్ కన్నా చాలా గట్టిగా ఐజీఈని పట్టుకునే లిగెలిజుమాబ్ అనే మందు 2019లో ఆయన బృందం ప్రచురించిన మధ్యదశ ట్రయల్‌లో అద్భుతంగా కనిపించింది, అందరూ ఇక ఇదే అనుకున్నారు. తర్వాత రెండు పెద్ద ట్రయల్స్‌లో ఉత్తుత్తి మందు కన్నా బాగానే ఉంది కానీ ఒమాలిజుమాబ్‌ని దాటలేకపోయింది. ఆ ఫలితాన్నీ అంతే పూర్తిగా లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఐజీఈని ఇంకా గట్టిగా పట్టుకున్నంత మాత్రాన సరిపోదని దానివల్ల తెలిసింది, ఇప్పుడు చూపు కణం లోపలి వైపు కూడా ఉంది. మాస్ట్ కణం లోపల బీటీకే అనే ఎంజైమ్ ఉంది, బయట ఐజీఈ గ్రాహకం మీద ఏం తగిలినా ఆ సంకేతం లోపలికి వెళ్ళాలంటే ఈ ఎంజైమ్ కావాలి. దాన్ని ఆపే రెమిబ్రుటినిబ్ మాత్రకి 2025 సెప్టెంబర్‌లో అమెరికా అనుమతి వచ్చింది, ఇంజెక్షన్ కాదు, నోటితో మింగేది. అదే ఏడాది ఏప్రిల్‌లో డూపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కి కూడా దద్దుర్లకి అనుమతి వచ్చింది. మాస్ట్ కణాలు బతకడానికి కావాల్సిన కిట్ అనే గ్రాహకాన్ని మూసేసి ఆ కణాల సంఖ్యనే తగ్గించే బార్జోల్వోలిమాబ్ మీద పెద్ద ట్రయల్స్ నడుస్తున్నాయి. జుట్టు రంగు ఇచ్చే కణాలకీ అదే గ్రాహకం కావాలి కాబట్టి దాంతో కొందరిలో జుట్టు తెల్లబడుతోంది.

స్వాతి గారూ, నడుము దగ్గర బట్ట బిగిసే చోట ఎక్కువ వస్తాయి అన్నారు. అది కూడా చూపించుకోవాలి. దద్దుర్లలో ప్రేరణ వల్ల వచ్చే రకాలు వేరే ఉన్నాయి. గీత గీస్తే గీత వెంబడి లేచేవి, చల్లదనం తగిలితే వచ్చేవి, చెమట పట్టేంత వేడెక్కితే సన్నగా వచ్చేవి, ఒత్తిడి పడిన కొన్ని గంటలకి వచ్చేవి. ఏ ఉష్ణోగ్రత దగ్గర వస్తుందో, ఎంత గట్టిగా గీస్తే వస్తుందో కొలిచే చిన్న పరికరాల వెనక ఉన్నదీ బెర్లిన్ వాళ్ళే. ఒకే మనిషికి రెండు రకాలూ కలిసి ఉండొచ్చు. చల్లదనం రకం ఉన్నవాళ్ళు ఒంటరిగా చెరువులో, ఈతకొలనులో దూకకూడదు, ఒక్కసారిగా బీపీ పడిపోతుంది.

సత్తెనపల్లి_స్వాతి

అందరికీ చాలా చాలా థాంక్స్. సుజాత అక్కా, మీ పోస్టు చెల్లికి చదివి వినిపించాను, ఏడ్చేసింది. నన్ను నమ్మేవాళ్ళు ఒకరున్నారు అంది. ఈ రోజు నుంచే నోటు పుస్తకంలో రాయడం మొదలుపెట్టింది. అమ్మకి కూడా చెప్పాను, గుడ్డు పెట్టడానికి ఒప్పుకుంది, వంకాయ దగ్గర ఇంకా మొండికేస్తోంది.

డాక్టర్ గారూ, అడిగాను. నెలసరి నొప్పికి ప్రతినెలా మాత్ర వేసుకుంటుందట, పేరు చూసి చెప్తే అది డైక్లోఫెనాక్. ఎవ్వరూ ఇప్పటిదాకా ఆ ప్రశ్న వేయలేదండీ.

ఇంకా మూడు అనుమానాలున్నాయి. పెదవి ఉబ్బినప్పుడు గొంతు కూడా ఉబ్బి ఊపిరి ఆగిపోతుందేమోనని భయంగా ఉంది, మా ఊళ్ళో ఒకాయన ముఖం ఉబ్బి ఐసీయూలో పడ్డాడు. రెండోది, ఆ ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ చాలా ఖరీదని విన్నాం, అప్పు చేసైనా వేయిద్దామని నాన్న అంటున్నారు. మూడోది, ఈ ఏడాది పెళ్ళి చేద్దామనుకుంటున్నాం, మందులు వాడుతూ ఉంటే రేపు పిల్లలకి ఇబ్బందా?

చర్మవైద్యం_పీజీ

ఆ డైక్లోఫెనాక్ ఈ రోజే ఆపించండి. అదొక్కటే మూలకారణమని నేను అనను, కానీ నెలనెలా రేపుతుండొచ్చు. నొప్పికి వేరే ఏం వాడాలో మీ డాక్టర్ చెప్తారు.

వాపు సంగతి. దద్దుర్లతో పాటు వచ్చే పెదవి వాపు చూడటానికి భయంగా ఉంటుంది కానీ ఈ జబ్బులో అది గొంతు మూసుకుపోయేదాకా వెళ్ళడం చాలా అరుదు. అయినా మింగడం కష్టమైనా, గొంతు మారినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా ఇంట్లో మాత్ర వేసి చూద్దాం అనకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మీ ఊరాయన సంగతి వేరే అయ్యుండొచ్చు. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులతో దద్దుర్లు లేకుండా ముఖం, నాలుక ఉబ్బుతాయి. వంశపారంపర్యంగా వచ్చే యాంజియోఎడిమా అని ఇంకొకటుంది, అందులోనూ దద్దుర్లు ఉండవు, దురద ఉండదు, చిన్నప్పటి నుంచి అప్పుడప్పుడు చేతులో ముఖమో ఉబ్బడం, విపరీతమైన కడుపునొప్పి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉండటం. అక్కడ పని చేసేది హిస్టమిన్ కాదు, బ్రాడికైనిన్ అనే వేరే రసాయనం. అలర్జీ మాత్ర, స్టెరాయిడ్ రెండూ పనిచేయవు, ఆ సంగతి తెలియక ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. దానికి 2021లో వచ్చిన ప్రపంచ మార్గదర్శకానికి కూడా మొదటి రచయిత మౌరరే. మీ చెల్లెలికి వాపుతో పాటు దద్దుర్లు వస్తున్నాయి కాబట్టి అది కాదు.

ఇంజెక్షన్‌కి అప్పు ఇప్పుడే వద్దని మీ నాన్నగారికి చెప్పండి. ఇంకా మొదటి మెట్టే పూర్తి కాలేదు. కొత్త రకం యాంటీహిస్టమిన్ రోజూ, తగ్గకపోతే రెండు నుంచి నాలుగు వారాల్లో మోతాదు పెంచుతూ నాలుగు రెట్ల దాకా చూడాలి. ఆమెకి బిలాస్టిన్ రాస్తే తిండికి గంట ముందు కానీ రెండు గంటల తర్వాత కానీ వేసుకోవాలి, పళ్ళరసంతో అసలు వేసుకోకూడదు, చాలామంది టిఫిన్‌తో వేసుకుని పనిచేయడం లేదంటారు. అక్కడే చాలామంది అదుపులోకి వస్తారు. అప్పటికీ రాకపోతే ఒమాలిజుమాబ్, నాలుగు వారాలకొకసారి చర్మం కింద. అదీ పనిచేయకపోతే సైక్లోస్పోరిన్, బీపీ, కిడ్నీ పరీక్షలు చూసుకుంటూ. మన దగ్గర ఖర్చు భరించలేనివాళ్ళకి సైక్లోస్పోరిన్ ముందే ఇస్తుంటాం. ఒమాలిజుమాబ్‌ని పోలిన బయోసిమిలర్‌కి 2024లో యూరప్ అనుమతి ఇచ్చింది. ఇలాంటివి ఎక్కువైతే ధర దిగుతుందని నా ఆశ.

పెళ్ళికి ఈ జబ్బు అడ్డం కాదు. పిల్లల కోసం ప్రయత్నించే ముందు డాక్టర్‌కి ఒక మాట చెబితే గర్భంలో ఎక్కువ అనుభవం ఉన్న సెట్రిజిన్, లోరాటడిన్ లాంటి వాటికి మారుస్తారు. పెళ్ళివారికి దాచకండి, కరపత్రం వేసినట్టు చెప్పక్కర్లేదు కూడా.

ఒకవేళ రేపు ఇంజెక్షన్ దాకా వస్తే డబ్బు కట్టే ముందు మొత్తం ఐజీఈ, యాంటీ టీపీఓ ఈ రెండూ చేయించండి. ఐజీఈ బాగా తక్కువగా ఉండి యాంటీ టీపీఓ ఎక్కువగా ఉంటే అది గ్రాహకం మీద దాడిచేసే రకం అయ్యే అవకాశం ఎక్కువ, వాళ్ళలో ఒమాలిజుమాబ్ నెమ్మదిగా పనిచేస్తుంది, కొందరిలో పనిచేయదు. ఆ సంగతి ముందే తెలిస్తే ఒక్క ఇంజెక్షన్‌తో తగ్గలేదని కంగారుపడరు, లేదా డాక్టర్ వేరే దారి ఎంచుకుంటారు. రిపోర్టులు వచ్చాక, ఆ నోటు పుస్తకంలో ఏడు రోజుల మొత్తం ఎంతొచ్చిందో కూడా కలిపి ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.